శంషాబాద్‌లో నాలుగు అడుగులు.. సముద్రంలో 200 మైళ్లు: కస్టమ్స్ అధికారం ఎక్కడి దాకా?

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో గల్ఫ్ ఫ్లైట్ దిగిన ప్రయాణికుడికి కస్టమ్స్ అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇమిగ్రేషన్ అయిపోయి, బెల్టు మీద నుంచి బ్యాగు తీసుకుని, గ్రీన్ ఛానల్‌లోకి వెళ్లాలా, రెడ్ ఛానల్‌లోకి వెళ్లాలా అని తేల్చుకునే చోటే ఆ గీత ఉంటుంది. అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు. అధికారి కళ్ల ముందే ఉంటాడు. స్కానర్ పక్కనే ఉంటుంది.

మరి అదే గీత సముద్రంలో ఎక్కడ ఉంది?

2018 వరకు తీరం నుంచి 24 నాటికల్ మైళ్ల దూరంలో ఉండేది. అంటే దాదాపు 44 కిలోమీటర్లు. ఆ ఏడాది ఫైనాన్స్ చట్టంలో చేసిన ఒక్క సవరణతో అది 200 నాటికల్ మైళ్లకు జరిగింది. అంటే దాదాపు 370 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ దూరం కంటే ఎక్కువ. శంషాబాద్‌లో బ్యాగు తెరిచి చూసే అధికారం ఏ చట్టం ఇస్తోందో, నడి సముద్రంలో నౌకను ఆపే అధికారం కూడా అదే చట్టం ఇస్తోంది. అదే కస్టమ్స్ చట్టం, 1962.

గీత జరిగి ఏళ్లు గడిచాయి. కానీ తీరానికి దగ్గర్లోనే, కాకినాడ యాంకరేజ్‌లో ఆగి ఉన్న ఒక నౌక విషయంలో "ఎవరు ఆపాలి? ఏ చట్టం కింద ఆపాలి?" అని రాష్ట్రమంతా తలలు పట్టుకున్న సంగతి తెలుగువాళ్లు ఇంకా మర్చిపోలేదు. 24 మైళ్ల లోపలే ఇన్ని చిక్కులుంటే, 200 మైళ్ల అధికారం నిజంగా ఎంత వరకు పని చేస్తుంది? దాని భారం ఎవరి మీద పడుతుంది?

చర్చ లేకుండానే..

2018 ఫైనాన్స్ బిల్లులో కస్టమ్స్ చట్టానికి చాలా మార్పులు చేశారు. అందులో రెండు ముఖ్యమైనవి. మొదటిది, చట్టం పరిధి. భారత్ బయట ఎవరు నేరం చేసినా, అది ఈ చట్టాన్ని ఉల్లంఘించేదైతే చట్టం వర్తిస్తుందని సెక్షన్ 1లో చేర్చారు. రెండోది, 'భారత కస్టమ్స్ జలాలు' అన్న మాటకు నిర్వచనం. అంతకు ముందు ఈ జలాలు కంటిగ్యుయస్ జోన్ వరకే, అంటే ప్రాదేశిక జలాలను ఆనుకుని 24 మైళ్ల దాకా ఉన్న పట్టీ వరకే. సవరణ తర్వాత ఈఈజెడ్ చివరి దాకా అయ్యాయి.

ఈఈజెడ్ అంటే సముద్రంలోని ప్రత్యేక ఆర్థిక మండలం. ఫార్మా, ఐటీ కంపెనీలు ఉండే ఎస్ఈజెడ్‌లతో దీనికి సంబంధం లేదు. భారత్ ఈఈజెడ్ విస్తీర్ణం 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది.

ఇంత పెద్ద మార్పు పార్లమెంటులో ఎలా పాసైంది? 2018 మార్చి 14న లోక్‌సభ ఆ ఫైనాన్స్ బిల్లును చర్చ లేకుండానే ఆమోదించింది. అప్పుడు సభలో గొడవ దేని గురించో తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏపీకి ప్రత్యేక హోదా కోసం టీడీపీ, వైసీపీ ఎంపీలు నినాదాలు చేస్తున్నారు. మిగతా పార్టీలు తమ డిమాండ్లతో వెల్‌లో ఉన్నాయి. ఆ గందరగోళంలోనే బిల్లు ముందుకు వెళ్లిపోయింది. మార్చి 29న రాష్ట్రపతి ఆమోదంతో చట్టం అయింది. సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న రాష్ట్రం ఎంపీలు సభలోనే ఉన్నారు. కానీ ఆ తీరం ముందున్న సముద్రానికి సంబంధించిన క్లాజు మీద మాట్లాడే అవకాశం ఎవరికీ రాలేదు.

మారింది నిర్వచనమే.. కానీ దాని వెనకాల ఏమేం కదిలాయి?

ఇక్కడే అసలు విషయం ఉంది. 'కస్టమ్స్ జలాలు' అనే మాట చట్టంలో చాలా సెక్షన్లలో ఉంది. నిర్వచనం మారితే ఆ సెక్షన్లన్నీ ఒకేసారి 200 మైళ్ల దాకా సాగిపోతాయి. విడిగా ఒక్కోదాన్ని సవరించాల్సిన పని లేదు.

సెక్షన్ 100 ప్రకారం, కస్టమ్స్ జలాల్లో ఉన్న నౌకలోని వ్యక్తిని అనుమానం మీద సోదా చేయొచ్చు. సెక్షన్ 104 ప్రకారం, ఆ జలాల్లో నేరం చేశారని నమ్మడానికి కారణం ఉంటే అరెస్టు చేయొచ్చు. సెక్షన్ 111 ప్రకారం, నిషేధాలకు విరుద్ధంగా దిగుమతి చేసేందుకు సరుకును ఆ జలాల్లోకి తెస్తే చాలు, ఒడ్డుకు చేరకపోయినా జప్తు చేయొచ్చు.

అన్నిటికంటే బరువైనది సెక్షన్ 106. స్మగ్లింగ్‌కు వాడుతున్నారని నమ్మడానికి కారణం ఉన్న నౌకను ఈ జలాల్లో ఎక్కడైనా ఆపి సోదా చేయొచ్చు. సిగ్నల్ ఇచ్చినా ఆగకపోతే వెంటాడొచ్చు. హెచ్చరికగా తుపాకీ పేల్చిన తర్వాత కూడా ఆగకపోతే నౌక మీద కాల్పులు జరపొచ్చని చట్టంలోనే రాసి ఉంది.

అంటే ఇది పన్ను వసూలుకు సంబంధించిన కాగితం మార్పు కాదు. ఆపడం, వెతకడం, అరెస్టు చేయడం, అవసరమైతే కాల్చడం.. ఇవన్నీ ఎంత దూరం దాకా చెల్లుతాయి అన్నది మారింది.

ప్రభుత్వం వాదనలో బలం ఉంది

ఇదంతా అక్కర్లేని అధికారం అని కొట్టిపారేయడానికి లేదు. 20 నాట్ల వేగంతో వచ్చే బోటు 24 మైళ్లను గంటా పన్నెండు నిమిషాల్లో దాటేస్తుంది. సమాచారం అంది, పడవ బయల్దేరే లోపే సరుకు ఒడ్డున దిగిపోతుంది. అదే 200 మైళ్లయితే పది గంటలు పడుతుంది. పెద్ద నౌకను బయటే ఆపి, సరుకును చిన్న పడవల్లోకి మార్చి తీరానికి పంపడం స్మగ్లర్ల పాత పద్ధతి. ఆ పెద్ద నౌక 24 మైళ్ల గీతకు అవతల నిలబడితే కస్టమ్స్ చూస్తూ ఊరుకోవాలా అన్నది ప్రభుత్వం వైపు ప్రశ్న.

ఇండియన్ కోస్ట్ గార్డ్ పుట్టుక వెనక కూడా సముద్ర మార్గంలో స్మగ్లింగే ఒక పెద్ద కారణం. 1974లో వేసిన రుస్తుంజీ కమిటీ సిఫార్సుల తర్వాత 1977 ఫిబ్రవరి 1న తాత్కాలిక దళంగా మొదలై, 1978లో చట్టబద్ధమైంది. కస్టమ్స్‌కు సాయం చేయడం దాని విధుల్లో ఒకటి.

డ్రగ్స్ సంగతి చూస్తే దూర సముద్రంలో నిఘా ఎందుకు కావాలో అర్థమవుతుంది. 2023 మేలో నేవీ, ఎన్‌సీబీ కలిసి చేసిన ఆపరేషన్‌లో దాదాపు 2,500 కిలోల మెథాంఫెటమిన్ దొరికింది. 2024 ఫిబ్రవరిలో గుజరాత్ తీరానికి దూరంగా దాదాపు 3,300 కిలోల మాదకద్రవ్యాలు పట్టుబడ్డాయి. ఐతే ఇక్కడ ఒక తేడా గమనించాలి. వీటిలో ముందుండి నడిపింది నేవీ, ఎన్‌సీబీ. జెండా లేని పడవను ఏ దేశపు యుద్ధనౌక అయినా ఆపి చూసుకునే వీలు అంతర్జాతీయ చట్టంలో ముందు నుంచే ఉంది.

అంతర్జాతీయ చట్టం ఏమంటోంది?

చిక్కు ఇక్కడే వస్తుంది. భారత్ 1995లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం సముద్రాన్ని పొరలు పొరలుగా విడదీసింది. 12 మైళ్ల దాకా ప్రాదేశిక జలాలు, అక్కడ పూర్తి సార్వభౌమాధికారం. 24 మైళ్ల దాకా కస్టమ్స్, పన్నులు, ఇమిగ్రేషన్, ఆరోగ్య నిబంధనలను కాపాడుకునే అధికారం. అక్కడి నుంచి 200 మైళ్ల దాకా చేపలు, చమురు, గ్యాస్ లాంటి వనరుల మీద హక్కు. ఆ మూడో పొరలో విదేశీ నౌకలకు స్వేచ్ఛగా తిరిగే హక్కు ఉంటుంది. కస్టమ్స్ చట్టం వర్తించేది అక్కడి కృత్రిమ దీవులు, చమురు ప్లాట్‌ఫాంల లాంటి నిర్మాణాల మీద మాత్రమే.

కాకినాడ తీరానికి ఎదురుగా కేజీ బేసిన్‌లో ఉన్న గ్యాస్, చమురు నిర్మాణాలు ఈ కోవలోకే వస్తాయి. వాటిని కస్టమ్స్ పరిధిలోకి తేవడానికి 2018 సవరణ అవసరం రాలేదు. 1976 నాటి సముద్ర మండలాల చట్టం కింద నోటిఫికేషన్లతోనే ఆ పని జరిగింది. ఆ నిర్మాణాలకు వెళ్లే సామగ్రి మీద సుంకం కట్టాల్సిందేనని 2008లో అబాన్ లాయిడ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కానీ దారిన పోయే విదేశీ నౌక సంగతి వేరు. దీనికి ప్రపంచంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ 'సైగా' కేసు. 1997 అక్టోబరులో పశ్చిమాఫ్రికా దేశం గినీ, తన తీరానికి దూరంగా చేపల నౌకలకు డీజిల్ పోస్తున్న సైగా అనే ట్యాంకర్‌ను పట్టుకుంది. తీరం నుంచి 250 కిలోమీటర్ల దాకా మా కస్టమ్స్ పరిధే అని వాదించింది. పట్టుకునేటప్పుడు కాల్పులు జరిగాయి, నౌకలో ఉన్న ఇద్దరు గాయపడ్డారు.

కేసు అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 1999 జులై 1న తీర్పు వచ్చింది. ఈఈజెడ్‌లో కృత్రిమ దీవులు, నిర్మాణాలకు తప్ప మిగతా చోట్ల కస్టమ్స్ చట్టాన్ని వర్తింపజేసే హక్కు గినీకి లేదని ట్రైబ్యునల్ తేల్చింది. అవసరానికి మించి బలం వాడారని కూడా చెప్పింది. 21 లక్షల డాలర్లకు పైగా పరిహారం కట్టమంది.

అమెరికా సంగతి కూడా చూడాలి. అక్కడి చట్టంలో కస్టమ్స్ జలాలు 12 మైళ్లు. దాన్ని 24కు పెంచుదామంటూ అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. ప్రపంచంలోని పెద్ద నౌకాదళాల్లో ఒకటి ఉన్న దేశంలో చర్చ 24 మైళ్ల గురించి నడుస్తుంటే, మన చట్టం 200 దగ్గర ఉంది.

దీని అర్థం మన చట్టం చెల్లదని కాదు. భారత కోర్టులు భారత పార్లమెంటు చేసిన చట్టాన్నే చూస్తాయి. భారతీయ పడవల మీద ఎక్కడైనా భారత చట్టం నడుస్తుంది. కానీ వంద మైళ్ల దూరంలో విదేశీ జెండా ఉన్న నౌకను ఒక్క కస్టమ్స్ అనుమానంతో ఆపితే, ఆ జెండా దేశం సైగా తీర్పు పట్టుకుని వచ్చే అవకాశం ఉంది.

మరి బంగారం ఎక్కడ దొరుకుతోంది?

సముద్రంలో బంగారం పట్టుబడిన పెద్ద కేసులు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. 2023 ఫిబ్రవరిలో తమిళనాడులోని మండపం దగ్గర సముద్రం అడుగు నుంచి డైవర్లు 17 కిలోలకు పైగా బంగారం తీశారు. అదే ఏడాది మే చివర్లో, గల్ఫ్ ఆఫ్ మన్నార్‌లో రెండు చేపల పడవల కేసులో కోస్ట్ గార్డ్, డీఆర్ఐ, కస్టమ్స్ కలిసి 32 కిలోలకు పైగా స్వాధీనం చేసుకున్నాయి. శ్రీలంక వైపు నుంచి వచ్చిన సరుకు అది. అధికారులను చూసి సముద్రంలోకి విసిరేస్తే వెతికి తీయాల్సి వచ్చింది.

ఇవి తీరానికి దగ్గర్లోనే జరిగినవి. ఇక్కడ పనిచేసింది ముందస్తు సమాచారం, చేతిలో ఉన్న పడవలు, నీళ్లలోకి దిగే డైవర్లు. 200 మైళ్ల నిర్వచనం కాదు.

ఇంకో సంగతి, బంగారం స్మగ్లింగ్‌ను నడిపించేది సముద్రం దూరం కంటే సుంకం తేడా. 2012 మొదట్లో బంగారం మీద 2 శాతం ఉన్న దిగుమతి సుంకం 2013 ఆగస్టు కల్లా 10 శాతానికి చేరింది. 2022లో 15 శాతం అయింది. 2024 జులై బడ్జెట్‌లో 6 శాతానికి దించారు. సుంకం పెరిగితే దొంగచాటు లాభం పెరుగుతుంది. శంషాబాద్‌లో పేస్టుగా, క్యాప్సూళ్లుగా, ఇస్త్రీపెట్టెలో తీగగా బంగారం తెచ్చే వాళ్ల లెక్క అదే. మండపం దగ్గర పడవలో తెచ్చే వాళ్ల లెక్కా అదే. దారి మారుతుంది, లెక్క మారదు.

కాకినాడ చెప్పిన పాఠం

2024 నవంబర్ 29న డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ కాకినాడ పోర్టుకు వెళ్లి, బోటులో సముద్రంలోకి వెళ్లి "సీజ్ ద షిప్" అన్న సీన్ దేశమంతా వైరల్ అయింది. ఆ నౌక పేరు స్టెల్లా ఎల్. పశ్చిమాఫ్రికాకు బియ్యం తీసుకెళ్లాల్సిన నౌక. అందులో రేషన్ బియ్యం ఉన్నట్టు అంతకు ముందే జిల్లా కలెక్టర్ తనిఖీలో తేలింది. మొదట చెప్పిన లెక్క 640 టన్నులు. తర్వాత పలు శాఖల అధికారులతో వేసిన బృందం శాంపిళ్లు తీసి, 1,320 టన్నులని తేల్చింది.

అప్పుడు తలెత్తిన ప్రశ్నలు గుర్తు చేసుకోండి. రేషన్ బియ్యం దారి మళ్లించడం నిత్యావసర సరుకుల చట్టం కింద నేరం. అది రాష్ట్ర పౌరసరఫరాల శాఖ పని. ఎగుమతికి క్లియరెన్స్ ఇచ్చేది కస్టమ్స్. అది కేంద్రం పరిధి. పోర్టు మరో విభాగం. నౌకను కోర్టు ద్వారా నిలిపివేయాలంటే 2017 అడ్మిరాలిటీ చట్టం కింద హైకోర్టుకు వెళ్లాలి. ఆ చట్టం రాసినప్పుడు తెలుగు రాష్ట్రాలకు హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టునే పేర్కొన్నారు. ఇన్ని దారుల మధ్య, చివరికి ఆ బియ్యాన్ని దింపించి, 2025 జనవరి మొదటి వారంలో నౌకను వదిలేశారు.

కాకినాడ యాంకరేజ్‌లో పెద్ద నౌకలు ఒడ్డుకు రావు. సముద్రంలోనే ఆగుతాయి. సరుకు బార్జీల మీద వాటి దగ్గరికి వెళ్తుంది. అంటే గోదాములో ఒకసారి, జెట్టీలో ఒకసారి, బార్జీలో ఒకసారి.. తనిఖీకి కనీసం మూడు అవకాశాలు ఒడ్డు మీదా, ఒడ్డు పక్కనే ఉన్నాయి. అవన్నీ దాటి బియ్యం నౌకలోకి చేరింది. ఇక్కడ లోపించింది అధికార పరిధి కాదు. ఏ చోట ఎవరు చూడాలి, చూడకపోతే ఎవరు జవాబు చెప్పాలి అన్నది.

శంషాబాద్‌లో ఉన్నవి, సముద్రంలో లేనివి

శంషాబాద్‌లో కస్టమ్స్ అధికారం గట్టిగా పనిచేయడానికి కారణం అక్కడ చట్టం వేరుగా ఉండటం కాదు. ప్రతి ప్రయాణికుడూ ఒకే దారిలో రావాలి. స్కానర్లు ఉన్నాయి, సీసీ కెమెరాలు ఉన్నాయి. పట్టుకున్న వెంటనే సాక్షుల సమక్షంలో పంచనామా రాస్తారు. తప్పు చేసిన ప్రయాణికుడికైనా, ఏ తప్పూ చేయని ప్రయాణికుడికైనా కొన్ని రక్షణలున్నాయి. ఒంటి మీద సోదా చేయబోతే, దగ్గర్లోని గెజిటెడ్ కస్టమ్స్ అధికారి దగ్గరికో, మేజిస్ట్రేట్ దగ్గరికో తీసుకెళ్లమని సెక్షన్ 102 కింద అడగొచ్చు. మహిళను మహిళే సోదా చేయాలి. సరుకు పట్టుకుంటే ఆరు నెలల్లో నోటీసు ఇవ్వాలి, గడువు పొడిగించాలంటే కారణం రాయాలి.

2025 ఫిబ్రవరి 27న రాధికా అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త స్పష్టంగా చెప్పింది. కస్టమ్స్ అధికారుల అరెస్టు అధికారాన్ని సమర్థించింది. కానీ 'నమ్మడానికి కారణం' అన్నది నోటిమాటగా ఉంటే సరిపోదని, ఆధారాలతో రికార్డు చేయాలని, అరెస్టైన వ్యక్తికి ఉండే రక్షణలన్నీ ఇక్కడా వర్తిస్తాయని తేల్చింది.

ఇప్పుడు ఇవే నిబంధనలను 150 మైళ్ల దూరంలో ఊహించుకోండి. సాక్షులు ఎవరు? గెజిటెడ్ అధికారి ఎక్కడ? మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకురావడానికి ఎంత సేపు? పడవను ఒడ్డుకు తెచ్చే లోపు వలలో ఉన్న చేపలకు, ఐసుకు, డీజిల్‌కు ఎవరు బాధ్యులు? చట్టం గీతను జరిపింది కానీ, ఈ ప్రశ్నలకు జవాబులను ఆ గీత దాకా తీసుకెళ్లలేదు.

దెబ్బ తగిలేది ఎవరికి?

విశాఖ, కాకినాడ నుంచి ట్యూనా వేటకు వెళ్లే బోట్లు 24 మైళ్లు దాటి చాలా దూరం వెళ్తాయి. ఎక్కడ చేపలు దొరకొచ్చో చెప్పే సూచనలు వాళ్లకు ఇచ్చేది హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ. సముద్రం లేని నగరం నుంచి వచ్చే సమాచారంతో వేటకు వెళ్లే ఈ మత్స్యకారులు ఇప్పుడు రోజుల తరబడి కస్టమ్స్ జలాల్లోనే ఉంటారు. స్మగ్లింగ్‌కు వాడిన పడవను జప్తు చేయొచ్చు. తనకు తెలియకుండా జరిగిందని నిరూపించుకోవాల్సిన భారం యజమాని మీదే ఉంటుంది. పడవ ఒక్కటే ఆస్తిగా ఉన్న కుటుంబానికి అది చిన్న మాట కాదు.

రెండో వర్గం మర్చంట్ నేవీలో పనిచేసే మనవాళ్లు. దేశాలు తమ అధికారాన్ని సముద్రంలోకి లాగితే ఏమవుతుందో 2022లో హీరోయిక్ ఇడున్ అనే ట్యాంకర్ సిబ్బంది చూశారు. నైజీరియా చమురు క్షేత్రం దగ్గర మొదలైన వివాదంలో ఆ నౌకను ఈక్వటోరియల్ గినీ పట్టుకుంది, తర్వాత నైజీరియాకు అప్పగించింది. 26 మంది సిబ్బందిలో 16 మంది భారతీయులు. ఇళ్లకు చేరే సరికి 2023 వేసవి వచ్చేసింది. రేపు ఏ దేశమైనా 200 మైళ్ల కస్టమ్స్ పేరుతో మన నావికుల్ని ఆపితే, 'ఇది చట్ట విరుద్ధం' అని భారత్ గట్టిగా చెప్పగలగాలి. మన చట్టం పుస్తకంలోనే 200 అని రాసి ఉంటే, ఆ వాదన కొంచెం బలహీనపడుతుంది.

ముందు ఏం చేయాలి?

24 మైళ్లకు అవతల విదేశీ నౌకను, మత్స్యకారుల పడవను ఏ పరిస్థితుల్లో ఆపుతారో స్పష్టమైన నిబంధనలు రాసి బయట పెట్టడం మొదటి పని. కాల్పుల అధికారం విషయంలో ఇది మరీ ముఖ్యం. రెండోది, సముద్రంలో చేసే ప్రతి సోదాకూ వీడియో రికార్డింగ్, ఒడ్డుకు చేరాక నిర్ణీత గడువులో మేజిస్ట్రేట్ ముందు హాజరు. మూడోది, కాకినాడ లాంటి పోర్టుల్లో కస్టమ్స్, రెవెన్యూ, పౌరసరఫరాలు, పోర్టు అధికారులు నౌక ఎక్కాక కాదు, బార్జీ కదలక ముందే కలిసి చూసే ఏర్పాటు.

ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. సనత్‌నగర్ కంటైనర్ డిపోకు ఓడరేవుల నుంచి రైళ్లలో వచ్చే సరుకునైనా, శంషాబాద్ కార్గోలో దిగే సరుకునైనా తనిఖీ చేసేటప్పుడు ఎవరు ఏం చేయాలో రాసి ఉంటుంది. సముద్రంలోనూ అదే కావాలి.

శంషాబాద్‌లో గ్రీన్ ఛానల్ దాటిన ప్రయాణికుడికి తనను ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో, ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలో తెలుస్తుంది. తీరానికి వంద మైళ్ల దూరంలో వల లాగుతున్న కాకినాడ మత్స్యకారుడికి కూడా అవే మూడు తెలిసిన రోజున, 200 మైళ్ల గీతకు అర్థం ఉంటుంది.